చెవి వెనక బిళ్ళ

అంబులెన్సు తలుపులు వేస్తుంటే లోపల పడుకున్న అమ్మాయి తల్లి వచ్చి డాక్టర్ వాగ్దేవి చేయి పట్టుకుంది.

“ఇక్కడే సూడండమ్మా. మీ సెయ్యి మంచిదని కొమరాడ నుంచి వొచ్చినాం. ఇసాపట్నం ఎల్లేసరికి నా పిల్ల ఏటైపోతాదో!”

“అక్కడ పెద్ద డాక్టర్లుంటారమ్మా. మీ మంచికే పంపుతున్నాను,” అంటూ వాగ్దేవి మెల్లగా చేయి విడిపించుకుంది.

అమ్మాయికి నెలలు నిండాయి. రక్తపోటు బాగా పెరిగింది, కాళ్ళకు నీరు దిగింది. పెద్ద ఆసుపత్రికి పంపడానికి కారణాలు చాలు. కానీ పార్వతీపురంలోని ఆ ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ ఉంది, మత్తు డాక్టరు ఉన్నాడు, పక్క వీధిలోనే రక్తనిధి ఉంది. ఇటువంటి కాన్పులు పద్దెనిమిదేళ్ళుగా చేస్తున్న వాగ్దేవి ఉంది. ఆ సంగతి తల్లికీ తెలుసు, వాగ్దేవికీ తెలుసు.

గజపతినగరం చేరకముందే అమ్మాయికి ఫిట్స్ వచ్చాయి. విశాఖలో స్ట్రెచర్ దింపేసరికి అమ్మాయీ లేదు, కడుపులో బిడ్డా లేదు.

ఎవరూ కేసు పెట్టలేదు. పెట్టడానికి ఏమీ లేదు. ప్రమాదాన్ని గుర్తించి, సకాలంలో పై ఆసుపత్రికి పంపారు. ఏ వినియోగదారుల కమిషన్ ముందుకు వెళ్ళినా డాక్టరు తప్పేమీ లేదనే అంటుంది. వాగ్దేవి ఆ మాట తనకు తాను చెప్పుకుంది. రెండు రోజులు అన్నం సహించలేదు.

ఆమె మొదటి నుంచీ ఇలా లేదు. ఒకప్పుడు మన్యంలోని ఊళ్ళ నుంచి డోలీల్లో మోసుకొచ్చిన ఆడవాళ్ళకు కూడా అక్కడే కాన్పు చేసింది. తర్వాత ఒక సంవత్సరం, సుఖంగా ప్రసవించిన ఒక మనిషి కాసేపటికే ఊపిరాడక చనిపోయింది. ఉమ్మనీరు రక్తంలో కలిసింది. ఎక్కడున్నా బతకడం కష్టమే. బంధువులు ఆసుపత్రి అద్దాలు పగలగొట్టారు, కేసు వేశారు. అది ఆరేళ్ళు నడిచింది. అవతలి లాయరు ప్రతి వాయిదాకూ ఒకే ప్రశ్న తిప్పి తిప్పి అడిగేవాడు: “విశాఖకు ఎందుకు పంపలేదు?” చివరికి కేసు కొట్టేశారు. కానీ ఆ తర్వాత ఏ కాన్పు కాస్త మొండికేసినా వాగ్దేవికి ముందు ఆ లాయరు గొంతే వినిపించేది. పంపించేది. పంపలేనివాళ్ళకు ఆపరేషన్ చేసేసేది. మామూలుగా కనగలిగినవాళ్ళకు కూడా కత్తి పెట్టేది. అవసరం లేదని తెలిసి కూడా స్కానింగులు రాసేది. చుట్టుపక్కల ఊళ్ళలోని తోటి డాక్టర్లూ అదే చేస్తున్నారు.

ఆమె భర్త శశిభూషణ్ విశాఖలో మెదడు మీద పరిశోధన చేస్తాడు. ఇద్దరూ వైద్య కళాశాలలో కలిసి చదువుకున్నారు. వారమంతా అక్కడుండి శనివారం ఇంటికొస్తాడు. ఆ ఆదివారం పొద్దున వంటింట్లో చిక్కుడుకాయలు ఒలుస్తూ భార్య చెప్పిందంతా విన్నాడు.

“ఆ అమ్మాయిని ఉంచుకుంటే బతికేదా?” అని అడిగాడు.

“బతికేది.”

“మరి?”

“చెయ్యి ఆడలేదు శశీ. మందు పేరు గుర్తుంది, మోతాదు గుర్తుంది. అంబులెన్సుకు ఫోన్ చేసేదాకా ఊపిరి ఆడలేదు.”

శశిభూషణ్ చిక్కుడు ఈనె తీసి పక్కన పెట్టాడు. “ఒకసారి మా లేబ్‌కి రా. నీకొకటి చూపించాలి,” అన్నాడు.

*

శశిభూషణ్ చూపించిన పరికరం రూపాయి బిళ్ళంత ఉంటుంది. చెవి వెనక ఎముక మీద అంటించుకోవాలి. చెవికి వినపడని ధ్వని తరంగాలను మెదడు లోపలికి పంపిస్తుంది. జరగబోయేదాన్ని ఊహించుకుని భయపడే చోటు ఒకటి ఉంది, ఆ చోటును నిద్రపుచ్చుతుంది. మనిషి మత్తులో పడడు, తెలివి తగ్గదు, చేయి వణకదు. శశిభూషణ్ దాన్ని మొదట అగ్నిమాపక సిబ్బంది కోసం తయారుచేశాడు. తర్వాత డాక్టర్ల మీద పరీక్షించడం మొదలుపెట్టాడు.

గదిలో ఒక తెర ఉంది. తెర మీద ఒక రోగి కనిపిస్తుంది. రోగి నిజం కాదు గానీ నాడి మారుతుంది, రక్తం పోతుంది, మూలుగుతుంది. ఎదురుగా కూర్చున్న డాక్టరు ఏం చేయాలో చెప్పాలి. శశిభూషణ్ వాగ్దేవిని బిళ్ళ లేకుండా కూర్చోబెట్టాడు. ఐదుగురు రోగులు వచ్చారు. ఐదుగురినీ పెద్ద ఆసుపత్రికి పంపింది. తర్వాత చెవి వెనక బిళ్ళ అంటించి మళ్ళీ కూర్చోబెట్టాడు. ఈసారి నలుగురిని తనే చూసుకుంది. ఒక్కరిని పంపింది. పంపాల్సింది ఆ ఒక్కరినే.

బిళ్ళ తీశాక ఆమె చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు.

“ఇలా ఆలోచించడం మర్చిపోయాననుకున్నాను,” అంది. “ఆ లాయరు గొంతు లేదు శశీ. రోగి ఒక్కతే ఉంది.”

నైతిక పర్యవేక్షణ సంఘం కొంతమంది డాక్టర్లకు ఏడాది పాటు వాడి చూడటానికి అనుమతి ఇచ్చింది. అందులో తన పేరు చేర్చమని వాగ్దేవే పట్టుబట్టింది. ఆసుపత్రి యజమాని డాక్టర్ పూర్ణచంద్రరావు సందేహిస్తూనే ఒప్పుకున్నాడు. ‘ఇక్కడి ప్రసూతి డాక్టరు పరిశోధన పరికరం ధరించి వైద్యం చేస్తారు’ అని గుమ్మంలో బోర్డు పెట్టించారు. వచ్చినవాళ్ళు దాన్ని చదివి, ఆమె చెవి వెనక ఒకసారి చూసి, లోపలికి వచ్చేవారు.

తర్వాతి నెలల్లో వాగ్దేవి మళ్ళీ పాత వాగ్దేవి అయింది. ఎదురుకాళ్ళతో వస్తున్న బిడ్డను తిప్పి బయటికి తీసింది. కవలల కాన్పును కత్తి పెట్టకుండా చేసింది. కొమరాడ అమ్మాయిలా బీపీతో వచ్చినవాళ్ళను మంచం పక్కనే ఉండి గట్టెక్కించింది. అంబులెన్సు డ్రైవరు చెట్టు కింద నిద్రపోవడం మొదలుపెట్టాడు. సిస్టర్ ఎస్తేరు ఆమెతో పదేళ్ళుగా పనిచేస్తోంది. “మేడమ్, మీరిలా ఉంటే మాకూ ధైర్యంగా ఉంది,” అని పైకే అనేసింది.

ఇంటి దగ్గర మాత్రం సంగతి వేరు. బిళ్ళను ఆసుపత్రిలోనే తీసి పెట్టేది గానీ దాని ప్రభావం మరుసటి ఉదయం దాకా ఉండేది. మరుసటి ఉదయం మళ్ళీ అంటించుకునేది. కూతురు ఆముక్త పదో తరగతి చదువుతోంది. వానాకాలంలో ఆ పిల్లకు డెంగీ జ్వరం వచ్చింది. ఒళ్ళు కాలిపోతోంది, కళ్ళు తెరవలేకపోతోంది. వాగ్దేవి రక్తపరీక్ష రిపోర్టు చూసింది.

“ప్లేట్‌లెట్లు పరవాలేదు. నీళ్ళు తాగుతూ ఉండు. సాయంత్రం మళ్ళీ పరీక్ష చేయిద్దాం,” అని చెప్పి చెప్పులేసుకుంది.

“అమ్మా, నాకేమైనా అయితే?” అంది ఆముక్త.

“అయ్యే అవకాశం చాలా తక్కువ.”

ఆ మాటలో అబద్ధం లేదు. పిల్ల నాలుగు రోజుల్లో కోలుకుంది కూడా. కానీ శనివారం తండ్రి వచ్చాక ఆముక్త గుమ్మంలోనే చెప్పింది: “నాన్నా, అమ్మ నన్ను పేషెంటులా చూస్తోంది. కాదు, పేషెంట్లనైనా చేయి పట్టుకుని అడుగుతుంది.”

శశిభూషణ్ ఆ మాటను తేలిగ్గా తీసుకోలేకపోయాడు. ఎందుకంటే అదే వారం లేబ్‌లో అతను ఒకటి గమనించాడు. తెర మీది రోగి డాక్టరు పొరపాటు వల్ల చనిపోతే, బిళ్ళ లేని డాక్టర్లు కుర్చీలో కదిలేవారు, నుదురు రుద్దుకునేవారు, తర్వాతి రోగి దగ్గర అదే చోట జాగ్రత్తపడేవారు. బిళ్ళ ఉన్నవాళ్ళు “ఇది తప్పైంది” అని స్పష్టంగా చెప్పేవారు. చెప్పి, తర్వాతి రోగి దగ్గర మళ్ళీ అదే తప్పు చేసేవారు. భయం నిద్రపోయిన చోటే పశ్చాత్తాపం కూడా నిద్రపోతోంది. రెండింటికీ దారి ఒకటే.

ఆదివారం భార్యకు ఆ సంగతి చెప్పాడు. “కొన్నాళ్ళు ఆపేద్దాం వాగ్దేవీ. దీన్ని సరిచెయ్యగలనేమో చూస్తాను.”

“ఎంతమంది డాక్టర్లలో కనిపించింది?”

“కొద్దిమందిలో. కానీ…”

“కొద్దిమంది చాలదు. బిళ్ళ తీసేస్తే రేపు నేనేం చేస్తానో నీకు తెలుసు. రోడ్డు మీద ఇంకొకళ్ళు పోతారు. అది లెక్కలోకి రాదా?”

ఆమె మామూలు గొంతుతోనే మాట్లాడింది. పరిశోధన ఆపే అధికారం అతనికుంది. ఏడాది పూర్తికాకుండా ఆపితే ఇన్నేళ్ళ పని వృథా అవుతుందన్న ఆలోచన కూడా ఉంది. ఇంకొంత సమాచారం వచ్చాక నిర్ణయిద్దామనుకున్నాడు.

*

కుసుమ భర్త తవిటినాయుడికి పార్వతీపురంలోని బెలగాంలో టెంట్‌హౌస్ ఉంది. పెళ్ళిళ్ళకు షామియానాలు, కుర్చీలు, వంట గిన్నెలు అద్దెకిస్తాడు. మొదటి కాన్పు వేరే ఊళ్ళో ఆపరేషన్ అయింది. రెండో కాన్పుకు వాగ్దేవి దగ్గరికి వచ్చారు.

“ఈసారి కొయ్యకుండా అవుతాదా అమ్మా?” అని కుసుమ అడిగింది. “మొదటిసారి మూణ్ణెల్లు గిన్నె ఎత్తనేకపోయాను.”

వాగ్దేవి పాత కుట్టును చూసింది, స్కానింగ్ చూసింది. “ప్రయత్నించవచ్చు. కానీ నూటికి ఒకరికో, అంతకంటే తక్కువమందికో పాత కుట్టు దగ్గర గర్భసంచి చిట్లుతుంది. అలా అనిపిస్తే వెంటనే ఆపరేషన్ చేస్తాం,” అని వివరంగా చెప్పింది. ఇద్దరూ ఒప్పుకున్నారు. అది సరైన నిర్ణయమే. తర్వాత దాన్ని పరిశీలించిన నిపుణులు కూడా ఆ మాటే అన్నారు.

నొప్పులు పొద్దున మొదలయ్యాయి. మధ్యాహ్నానికి కాన్పు సగం దూరం వచ్చింది. అప్పుడు నొప్పికీ నొప్పికీ మధ్య కూడా కుసుమ పొత్తికడుపు పట్టుకుని మూలగడం మొదలుపెట్టింది. బిడ్డ గుండె చప్పుడు ఒకసారి బాగా తగ్గి మళ్ళీ లేచింది. యంత్రం కాగితం మీద గీసిన ఆ పల్లాన్ని వాగ్దేవి చూసింది. దాని అర్థం ఆమెకు తెలుసు. తిరిగి లేచిందన్నదీ చూసింది. మిగిలిన లక్షణాలన్నీ బాగానే ఉన్నాయి. ప్రమాదం ఎంత, అవకాశం ఎంత అని మనసులో తూచింది.

“ఇంకో అరగంట చూద్దాం,” అంది ఎస్తేరుతో.

పాత రోజుల్లో అయితే ఆ పల్లం చూడగానే కడుపులో చెయ్యి పెట్టి తిప్పినట్టయ్యేది. మంచం దగ్గరికి మళ్ళీ వెళ్ళేది, కుట్టు మీద చేయి వేసి నొక్కి చూసేది, కుసుమ మొహం చూసేది. ఇప్పుడు అలా ఏమీ కాలేదు. పక్క గదిలో ఇంకొకామెను చూడటానికి వెళ్ళింది.

అరగంట కాకముందే ఎస్తేరు పరుగెత్తుకుంటూ వచ్చింది. బిడ్డ గుండె అందడం లేదు. కుసుమ పాలిపోయింది. థియేటర్‌లోకి తీసుకెళ్ళి కడుపు తెరిచేసరికి పాత కుట్టు పొడవునా గర్భసంచి చిట్లిపోయి ఉంది. బిడ్డ ఆడపిల్ల. బతికించడానికి చేయగలిగిందంతా చేశారు. పిల్ల ఊపిరి తీసుకోలేదు. తల్లికి రక్తం ఆగక గర్భసంచి తీసేయాల్సి వచ్చింది. వాగ్దేవి చేతులు ఒక్క క్షణం కూడా తడబడలేదు. కుసుమను బతికించింది ఆ చేతులే.

బయటికి వచ్చి తవిటినాయుడికి చెప్పింది. పక్కన పూర్ణచంద్రరావు కూడా ఉన్నాడు.

“పాప చనిపోయింది. మీ భార్య బతుకుతుంది. ఇక పిల్లలు పుట్టరు. మధ్యాహ్నం బిడ్డ గుండె చప్పుడు తగ్గడం నేను చూశాను. అప్పుడే ఆపరేషన్ చేసి ఉండాల్సింది. అరగంట ఆగమన్నాను. అది నా తప్పు.”

పూర్ణచంద్రరావు ఆమె మోచేయి పట్టుకుని లాగబోయాడు. ఏ డాక్టరూ అలా చెప్పడం అతను తన జీవితంలో వినలేదు.

తవిటినాయుడు గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. తలెత్తి ఆమె మొహంలోకి చూశాడు.

“మీరు సెప్పిందంతా ఇన్నానమ్మా. తప్పని మీరే ఒప్పుకున్నారు. మరి… మీకేటీ అనిపించడం నేదా?”

ఆమె నిజంగానే ఆలోచించింది. “ఇప్పుడైతే లేదు,” అంది.

అతను చెయ్యెత్తలేదు, అరవలేదు. బిడ్డను గుడ్డలో చుట్టించుకుని వెళ్ళిపోయాడు. మరుసటి వారం కేసు వేశాడు. పొరపాటు జరిగినందుకు కాదని లాయరుతో చెప్పాడట. “నా కూతురు సచ్చిపోనాదని, ఈధిలో కరెంటు పోనాదని సెప్పినట్టు సెప్పినాదండి ఆవిడ,” అన్నాడట.

*

పాప పోయిన రాత్రే శశిభూషణ్ బయల్దేరి వచ్చాడు. వస్తూనే బిళ్ళను తీసుకుని జేబులో వేసుకున్నాడు. మిగిలిన డాక్టర్లందరికీ ఫోన్ చేసి తీసేయమన్నాడు.

రెండో రోజు సాయంత్రానికి వాగ్దేవికి భయం తిరిగి వచ్చింది. గుమ్మంలో బండి ఆగితే చాలు, నోటీసు తెచ్చారేమోనని కిటికీ దగ్గరికి పరుగెత్తింది. పాత లాయరు గొంతు మళ్ళీ వినిపించింది. ఆసుపత్రికి వెళ్ళి, వచ్చిన ఇద్దరినీ చూసీ చూడకుండానే విశాఖకు పంపేసింది. ఆముక్త వానలో తడిసి వస్తే గట్టిగా కోప్పడింది. “అబ్బ, తిడుతున్నావమ్మా!” అని ఆ పిల్ల నవ్వి, తుడుచుకోవడం మానేసి తల్లిని వాటేసుకుంది.

అన్నీ తిరిగి వచ్చాయి, ఒక్కటి తప్ప. ఆ మధ్యాహ్నాన్ని గుర్తు చేసుకుంటే గీతలు గుర్తొచ్చేవి, రక్తం గుర్తొచ్చేది, ఏ సూది ఎప్పుడు ఇచ్చిందో గుర్తొచ్చేది. ఏడుపు మాత్రం రాలేదు. కొమరాడ అమ్మాయిని తలుచుకుంటే ఇప్పటికీ ఏడుపొస్తుంది. తన చేతుల్లో ఊపిరి తీసుకోని బిడ్డను తలుచుకుంటే ఏమీ లేదు.

“ఎందుకని?” అని భర్తను అడిగింది.

“ఆ జ్ఞాపకం ఏర్పడినప్పుడు బిళ్ళ ఉంది కదా,” అన్నాడు శశిభూషణ్. చెప్పడానికి అతనికి కష్టంగా ఉంది. “బాధ దానికి అంటుకోలేదు. ఇప్పుడు తీసేసినా, లేనిది ఎక్కడి నుంచి వస్తుంది?”

“అంటే నాకు కేసు భయం మాత్రం మిగిలింది. ఆ పిల్ల మిగల్లేదు.”



ఆసుపత్రి లాయరు ఒకరోజు ఇంటికి వచ్చి దారి చూపించాడు. “మేడమ్, ఇది చాలా తేలికైన కేసు. ఆ పరికరం మీ ఆలోచనను మార్చేసింది. మీరు కూడా బాధితురాలే. అలా చెబితే మీ మీదికి ఏమీ రాదు. బాధ్యతంతా దాన్ని తయారుచేసినవాళ్ళ మీదికి పోతుంది.”

తయారుచేసినవాడు పక్క గదిలో ఉన్నాడు. ఆ మాట అతనికి వినిపించింది. బయటికి వచ్చి, “ఆయన చెప్పింది నిజమే వాగ్దేవీ. అలాగే చెప్పు,” అన్నాడు.

లాయరు వెళ్తూ వెళ్తూ ఇంకో మాట అన్నాడు: “ఈలోగా ఆ కుటుంబంతో మాత్రం ఒక్క మాట కూడా మాట్లాడకండి. మీరేమన్నా అది మీకే చుట్టుకుంటుంది.”

ఆ తర్వాత కుసుమ ఎస్తేరు చేత కబురు పంపింది. డాక్టరమ్మతో ఒకసారి మాట్లాడాలట.

వాగ్దేవి వెళ్ళడానికి భయపడింది. అక్కడ జనం ఉంటే? వీడియో తీస్తే? మాట జారితే? ఆటో ఎక్కాక కూడా ఒకసారి దిగిపోదామనుకుంది. టెంట్‌హౌస్ ముందు దిగి, వీధిలో ఎవరైనా ఉన్నారేమోనని అటూ ఇటూ చూసింది.

లోపల చుట్టిన షామియానాల పక్కన మంచం వేసుకుని కుసుమ కూర్చుని ఉంది. చిక్కిపోయింది. తవిటినాయుడు ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

“నాను మత్తులో ఉన్నానమ్మా,” అంది కుసుమ. “తెలివొచ్చేసరికి మట్టి సేసీసినారు. నా బిడ్డని నాను సూడనేదు. ఈయన్ని అడిగితే ఏడుస్తాడు గానీ సెప్పడు. మా అత్తని అడిగితే మర్సిపో అంటాది. మీరు సూసినారు కదా. ఎలగుందో సెప్పండి.”

వాగ్దేవి ఇందుకు సిద్ధపడి రాలేదు. తిడతారనుకుంది, నిలదీస్తారనుకుంది.

“మూడు కిలోల పైనే ఉంది. నెలలు నిండిన బిడ్డే. ఎదుగుదల బాగుంది…”

“బరువు కాదమ్మా. మొకం.”

వాగ్దేవి కళ్ళు మూసుకుంది. గీతలు, రక్తం, సూదులు దాటుకుని వెతికింది. బిడ్డను చేతుల్లోకి తీసుకున్న క్షణం ఎక్కడో ఉంది. చెదరకుండా అలాగే ఉంది.

“జుట్టు చాలా ఉంది. నల్లగా, చెవుల మీదికి వచ్చేసింది. తడిగా ఉండి నుదుటికి అంటుకుంది. వేళ్ళు పొడుగ్గా ఉన్నాయి. కుడి పిడికిలి మూసే ఉంది, ఎడమది తెరుచుకుంది. పెదవులు సన్నగా ఉన్నాయి. గడ్డం కింద చిన్న సొట్ట ఉంది…”

చెబుతూ కళ్ళు తెరిచింది. ఎదురుగా కుసుమ గడ్డం కింద అదే సొట్ట కనిపించింది.

“మీకున్నట్టే,” అనబోయింది. నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. ఇన్ని వారాలుగా రానిది ఒక్కసారిగా వచ్చింది. కుర్చీలో ముందుకు వంగిపోయి ఏడ్చింది. డాక్టరుగా ఏం చెప్పాలో, లాయరు ఏం వద్దన్నాడో ఏదీ గుర్తు లేదు. “నేను మళ్ళీ వచ్చి చూడాల్సిందమ్మా. చెయ్యి పెట్టి చూడాల్సింది. పక్క గదిలోకి వెళ్ళిపోయాను,” అని మాత్రం అనగలిగింది.

కుసుమ కూడా ఏడుస్తోంది. “ఇంకా సెప్పండి,” అంది. “సెవులెలగున్నాయి?”

వాగ్దేవి చెప్పింది. అడిగినవన్నీ చెప్పింది.

వెళ్ళేటప్పుడు తవిటినాయుడు గుమ్మం వదిలి పక్కకు జరిగాడు. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. “కేసు మాత్రం తియ్యనమ్మా,” అన్నాడు.

“తియ్యకండి,” అంది వాగ్దేవి.

*

వినియోగదారుల కమిషన్ ముందు ఆమె పరికరం మీదికి నెట్టలేదు. “బిళ్ళ పెట్టుకోవాలని నిర్ణయించింది నేను. అది నాలో ఏం తగ్గిస్తోందో నా భర్త ముందే చెప్పాడు. ఆపవద్దన్నది నేను. అరగంట ఆగమన్నదీ నేనే,” అంది. ఆసుపత్రి లాయరు ఫైలు మూసేసి కూర్చున్నాడు.

తర్వాత శశిభూషణ్ నిలబడ్డాడు. పశ్చాత్తాపం పోతున్నట్టు తనకు ముందే తెలిసిందని, ఆపే అధికారం ఉండి కూడా ఆపలేదని, ఏడాది పూర్తికావాలన్న ఆశ తనకుందని చెప్పాడు. తెర మీది రోగుల లెక్కలన్నీ కమిషన్‌కు అప్పగించాడు. భార్యాభర్తలు ఒకరి తప్పును మరొకరు తమ మీద వేసుకుంటున్నారని పత్రికలు రాశాయి. నిజానికి ఎవరి తప్పు వాళ్ళే చెప్పుకున్నారు.

తీర్పులో ఆమెనూ, శశిభూషణ్ సంస్థనూ, ఆసుపత్రినీ ముగ్గురినీ బాధ్యుల్ని చేశారు. పరిహారం ఇమ్మన్నారు, ఇచ్చారు. బిళ్ళలన్నిటినీ వెనక్కి తీసుకున్నారు. శశిభూషణ్ పరిశోధన ఆగిపోయింది. అతను ఆ ఫలితాలను పూర్తిగా ప్రచురించి, విద్యార్థులకు పాఠాలు చెప్పుకునే పనికి మారాడు. వాగ్దేవిని వైద్య మండలి కొన్ని నెలల పాటు ప్రాక్టీసు చేయవద్దంది. గడువు తీరాక పూర్ణచంద్రరావు ఆమెను మళ్ళీ రమ్మన్నాడు. చుట్టుపక్కల ఇంకో ప్రసూతి డాక్టరు దొరకలేదు.

తిరిగి చేరిన వారంలోనే మక్కువ నుంచి ఒక అమ్మాయి నొప్పులతో వచ్చింది. మొదటి కాన్పు ఆపరేషన్. రెండోది మామూలుగా కావాలంటోంది. వెంట భర్త, అతని అక్క ఉన్నారు. బయట అంబులెన్సు డ్రైవరు తాళాలు పట్టుకుని లేచి నిలబడ్డాడు.

“ఇసాకపట్నం అంపేస్తారేటి డాక్టరుగారూ?” అని భర్త అడిగాడు. “మీకు కేసు అయినాది కదా, ఇంక ఇటువంటోల్లని ఉంచరని మావూల్లో అనుకుంటన్నారు.”

వాగ్దేవికి అంబులెన్సు తాళాల చప్పుడు వినిపిస్తోంది. పాత లాయరు గొంతూ వినిపిస్తోంది. ఆమె ఆ అమ్మాయిని పూర్తిగా పరీక్షించింది. తర్వాత మంచం అంచున కూర్చుని, ముగ్గురికీ వినపడేలా చెప్పింది.

“నాకు భయంగానే ఉంది. మీకు అబద్ధం చెప్పను. కానీ పంపాల్సిన అవసరం ఇప్పటికైతే కనిపించడం లేదు. దారిలో ఏమైనా అయితే అది ఇంకా ప్రమాదం. ఇక్కడే ఉంచి చూద్దాం. థియేటర్ సిద్ధంగా ఉంటుంది. నేను ఇక్కడి నుంచి కదలను. నాకు తేడా అనిపించినా, నీకు తేడా అనిపించినా ఆపరేషన్ చేసేస్తాను. సరేనా?”

భర్తా అక్కా మొహాలు చూసుకున్నారు. “నానుంటాను,” అంది మంచం మీది అమ్మాయి.

ఎస్తేరు ఒక స్టూలు తెచ్చి వేసింది. వాగ్దేవి దాని మీద కూర్చుంది. భోజనం అక్కడికే తెప్పించుకుంది, సగం వదిలేసింది. మధ్యాహ్నం దాటాక నొప్పికీ నొప్పికీ మధ్య ఆ అమ్మాయి కాస్త మొహం చిట్లించింది. బిడ్డ గుండె బాగానే కొట్టుకుంటోంది. యంత్రం ఏ తేడా చూపించలేదు. వాగ్దేవి కుట్టు మీద చేయి వేసి నొక్కింది. అమ్మాయి “అమ్మా” అంది.

“పదండి, థియేటర్‌కి,” అని లేచింది.

లోపల చూస్తే పాత కుట్టు చెక్కుచెదరలేదు. చిట్లే సూచన కూడా లేదు. మగపిల్లాడు, గట్టిగా ఏడ్చాడు. ఇంకో రెండు గంటలు ఆగి ఉంటే మామూలుగానే పుట్టేవాడేమో. తెలుసుకునే దారి లేదు.

బయట భర్త కొడుకుని ఎత్తుకుని, సంతోషంతో పాటు కాస్త విసుగ్గా అన్నాడు: “ఎలాగూ కోసీదానికి ఈ ఏడుగంటలూ ఎందుకు కూకోబెట్టినారమ్మా? అదేదో పొద్దున్నే కోసేస్తే పోయేది కదా!”

“పోయేదేమో,” అంది వాగ్దేవి. టోపీ తీసి నుదురు తుడుచుకుని, తల్లికి తెలివి వచ్చిందేమో చూడటానికి మళ్ళీ లోపలికి వెళ్ళింది.